మధుమేహికి జ్వరం వచ్చినప్పుడు

“లంఖణం పరమౌషధం” అన్నది మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చిన మాట. జ్వరం తగిలిన మనిషికి ఒకటి రెండు పూటలు అన్నం మాన్పించి, కాచి చల్లార్చిన నీళ్లు తాగించి, పిమ్మట గంజితోనో జావతోనో పథ్యం పెట్టడం తెలుగువారి ఇండ్లలో ఆచారం. ఆరోగ్యవంతుడైన మనిషికి ఈ ఆచారం వలన పెద్ద కీడు లేదు. కాని ఆ ఇంట మధుమేహం గలవారు ఒకరుండి, వారికే జ్వరం వచ్చినప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతున్నది. “అన్నమే ముట్టలేదు గదా, ఇక ఇన్సులిన్ సూది ఎందుకు?” అని రోగి అడుగుతాడు. ఇంటివారికీ అది సబబుగానే తోస్తుంది. ప్రశ్న సహజమైనదే. అయితే చరిత్ర దానికిచ్చిన సమాధానం వేరు. ఆ సమాధానం వైద్యలోకానికి ఎలా లభించినదో, అందుకు ఎందరు ఎంత మూల్యం చెల్లించినారో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

మధుమేహ చరిత్రను సాధారణంగా ఇన్సులిన్ ఆవిష్కరణ కథగా చెప్పుకొంటారు. అది మహత్తరమైన కథ, సందేహం లేదు. కాని మధుమేహి ఆ వ్యాధితో ముప్పది నలువది ఏండ్లు కాపురం చేయవలసినవాడు. ఆ కాలంలో అతనికి జలుబు చేస్తుంది, దగ్గు పట్టుకుంటుంది, విరేచనాలవుతవి, పంటి చిగురు వాస్తుంది, కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. తక్కినవారికి నాలుగు రోజుల ఇబ్బందిగా గడచిపోయే ఈ చిన్న జబ్బులే మధుమేహిని మృత్యుద్వారం వరకు తీసుకొని పోయిన సందర్భాలు అసంఖ్యాకం. కనుక మధుమేహ చరిత్రలో ఈ సామాన్య రుగ్మతల అధ్యాయం ఒకటి వేరుగా ఉన్నది. గృహస్థులకు ఎక్కువగా పనికివచ్చేది ఆ అధ్యాయమే.

మన ప్రాచీన వైద్యులు ఈ సంగతి ఎరుగనివారు కారు. చరక సుశ్రుత సంహితలు ప్రమేహాలను వర్ణించి, వాటిలో మధుమేహాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నవి. రోగి మూత్రం తేనెవలె తియ్యగా ఉండడాన్ని, దానికి చీమలు చేరడాన్ని వారు గమనించినారు. అంతటితో ఆగక, ప్రమేహరోగికి పుట్టే కురుపులను “ప్రమేహ పిటకలు” అని వేరుగా పరిగణించినారు. చరకుడు ఇవి ఏడు విధాలన్నాడు. సుశ్రుతుడు పది విధాలుగా విభజించినాడు. మన పల్లెలలో రాచపుండు అని జనులు భయపడుతూ వచ్చిన పెద్ద కురుపు ఈ జాతిలోనిదే. ఇతరులకు మానే కురుపు ఈ రోగికి మానదనీ, అది ప్రాణం మీదికి తెస్తుందనీ ఆ వైద్యులకు అనుభవంవలన తెలిసినది. కారణం మాత్రం తెలియలేదు.

ఐరోపాలో 17 వ శతాబ్దంలో ఇంగ్లండు దేశపు థామస్ విల్లిస్ ఈ మాధుర్యాన్ని తిరిగి గుర్తించినాడు. 1776 లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరవలన కలిగినదేనని ప్రకటించి, రోగి రక్తంలోని ద్రవం కూడ తియ్యగా ఉన్నదని చెప్పినాడు. 19 వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు బుషార్దా రోగులకు మితాహారం విధించి, తమ మూత్రాన్ని తామే పరీక్షించుకొనడం నేర్పినాడు. 1870-71 లో ప్రష్యా సైన్యం పారిస్ నగరాన్ని ముట్టడించినప్పుడు జనులకు తిండి కరవైనది. అప్పుడు తన రోగులు కొందరి మూత్రంలో చక్కెర మాయం కావడం బుషార్దా చూచినాడు. అంటే, ఆ కాలపు శాస్త్రం కూడ మన సామెతనే బలపరచినదన్నమాట. ఇన్సులిన్ లేని రోజులలో మధుమేహికి లంఖణమే నిజంగా పరమౌషధం.

అయితే తిండి మానినా ఆగని విపత్తు ఒకటి ఉన్నది. 1857 లో మధుమేహి మూత్రంలో అసిటోన్ అనే పదార్థం కనబడినది. 1874 లో జర్మన్ వైద్యుడు కుస్మౌల్, మరణానికి ముందు కొందరు మధుమేహులు తీసే ఒక విచిత్రమైన శ్వాసను వర్ణించినాడు. ఊపిరితిత్తులలో దోషమేమీ ఉండదు. గాలికి అడ్డంకి ఉండదు. అయినా రోగి పరుగెత్తి వచ్చినవానివలె లోతుగా, బలంగా ఊపిరి తీస్తూనే ఉంటాడు. పిమ్మట మగత కమ్ముతుంది. ఆ మగతనుండి తిరిగి లేచినవారు బహు అరుదు. ఆ శతాబ్దం ముగిసేలోపల దీని మర్మం కొంత బయటపడినది. శరీరం చక్కెరను వాడుకొనలేనప్పుడు కొవ్వును అమితంగా కరగించి వాడుకొంటుంది. అప్పుడు పుట్టే కీటోనులు రక్తాన్ని ఆమ్లమయం చేస్తవి. ఆ ఆమ్లాన్ని వెళ్లగొట్టే ప్రయత్నమే ఆ లోతైన శ్వాస. రోగి నోట వచ్చే పండువాసన కూడ దాని గుర్తే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. పొయ్యిలో కట్టెలు ఎగదోయకపోతే మంట ఆరిపోతుంది. కాని మధుమేహి శరీరంలో ఆహారమనే కట్టెలు లేకపోయినా మంట ఆరదు. ఇంటి దూలాలే కాలడం మొదలుపెడుతవి. ఆ మంటను అదుపులో ఉంచేది ఇన్సులిన్. 1889 లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనేవారు ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చినది. చక్కెరను అదుపు చేసే పదార్థం ఏదో క్లోమంలో ఉన్నదని అప్పుడు తేలినది. దానిని వెలికితీయడానికి మరి ముప్పదియేండ్లకు పైగా పట్టినది. ఆ మధ్యకాలంలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఆలెన్ ఉపవాస చికిత్సను కఠినమైన పద్ధతిగా నడిపించినాడు. పిల్లలు ఎముకల గూళ్లుగా మిగిలి, కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో అదనంగా బ్రతికినారు. అట్లా కృశించిన దేహానికి ఒక జలుబు చాలు, ఒక దగ్గు చాలు.

1922 జనవరి 11 వ తేదీన కెనడా దేశంలోని టొరంటో నగరంలో లియొనార్డ్ థాంప్సన్ అనే 13 ఏండ్ల బాలునికి బాంటింగ్, బెస్ట్ తయారుచేసిన క్లోమసారాన్ని ఎక్కించినారు. అది శుద్ధమైనది కానందున ఫలితం అంతగా కనబడలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేసిన తరువాత, జనవరి 23 వ తేదీన తిరిగి ఎక్కించగా బాలుని రక్తంలో చక్కెర దిగినది, కీటోనులు మాయమైనవి. ఈ కథను ఇంతవరకే చెప్పి ముగించడం పరిపాటి. మిగిలినది కూడ మనం తెలుసుకోవాలి. థాంప్సన్ ఇన్సులిన్ బలంతో మరి 13 సంవత్సరాలు జీవించి, 1935 లో న్యూమోనియా సోకి మరణించినాడు. లోకంలో మొట్టమొదట ఇన్సులిన్ పొందినవానిని చివరకు తీసుకొనిపోయినది ఊపిరితిత్తులకు సోకిన జబ్బు. ఔషధం లభించినంత మాత్రాన సామాన్య రుగ్మతల బెడద తీరలేదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

మరియొక ఉదాహరణ రాబిన్ లారెన్స్ అనే వైద్యునిది. ఇతడు స్కాట్లండు దేశంలోని ఆబర్డీనులో జన్మించి, లండనులో శస్త్రవైద్యం అభ్యసిస్తున్నవాడు. 1920 లో ఎముకను ఉలితో చెక్కుతుండగా ఒక తునక కంటిలో పడి కన్ను చెడినది. ఆ సందర్భంలో చేసిన పరీక్షలో మధుమేహం బయటపడినది. బ్రతుకు కొన్నాళ్లేనని ఎంచి, తనవారి కండ్లయెదుట చావడం ఇష్టం లేక, ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి వెళ్లి అక్కడ వైద్యవృత్తి సాగించినాడు. కఠినమైన పథ్యంతో కొంతకాలం నెగ్గుకొని వచ్చినాడు. ఒక చలికాలంలో రొమ్ముపడిశం పట్టుకొనగానే ఆ నిగ్రహమంతా కూలిపోయినది. తినేది ఏమీ పెరగలేదు. అయినా చక్కెర పెరిగినది, కాళ్లలో సత్తువ పోయినది. ఆ దశలో, ఇన్సులిన్ దొరికినదనీ, వెంటనే రమ్మనీ లండను మిత్రుడొకడు వర్తమానం పంపినాడు. లారెన్స్ ప్రయాణ కష్టాలకోర్చి లండను చేరి, 1923 మే నెలాఖరున మొదటి సూది పొందినాడు. పిమ్మట 1968 వరకు జీవించి, వేలాది రోగులకు వైద్యం చేసి, గ్రంథాలు వ్రాసి, 1934 లో రచయిత హెచ్. జి. వెల్స్‌తో కలిసి మధుమేహుల సంఘాన్ని స్థాపించినాడు. వెల్స్ కూడ మధుమేహియే.

లారెన్స్ అనుభవం ఒక ప్రశ్నను మన ముందుంచుతున్నది. తిండి పెరగకుండా చక్కెర ఎక్కడనుండి వచ్చినది? దీనికి సమాధానం క్రమంగా లభించినది. అడ్రినలిన్ అనే స్రావం రక్తంలో చక్కెరను పెంచుతుందని 1901 లోనే గమనించినారు. పిట్యూటరీ గ్రంథికి చక్కెరతో గల సంబంధాన్ని నిరూపించి, అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు హౌస్సే 1947 లో నోబెల్ బహుమతి పొందినాడు. కార్టిసోన్ జాతి స్రావాల ప్రభావం కూడ ఆ కాలంలోనే స్పష్టపడినది. శరీరంలో ఎక్కడ శత్రువు ప్రవేశించినా ఈ స్రావాలన్నీ మేల్కొంటవి. యుద్ధానికి ధాన్యాగారం తెరిచినట్లుగా కాలేయంలోని చక్కెరను రక్తంలోనికి వదలుతవి. ఇన్సులిన్ పనిని మందగింపజేస్తవి. కనుక జ్వరపడిన మధుమేహి ఏమీ తినకపోయినా చక్కెర పెరగవచ్చు. అతనికి మామూలుకంటె ఎక్కువ ఇన్సులిన్ కావలసి రావచ్చు. “అన్నం లేదు గనుక సూది వద్దు” అనే తర్కం తలక్రిందులయ్యేది ఇక్కడనే.

ఈ విషయాన్ని రోగుల ఇండ్లకు చేర్చిన వారిలో అగ్రగణ్యుడు అమెరికాలోని బోస్టను వైద్యుడు ఎలియట్ జోస్లిన్. ఇన్సులిన్‌కు పూర్వం అతని రోగులలో సగానికి మించిన మరణాలు కీటోనుల మగతవలన కలిగినవే. ఇన్సులిన్ వచ్చిన పిదప ఆ సంఖ్య వేగంగా తగ్గినది. అయినా జోస్లిన్ తృప్తిపడక, రోగికి తన వ్యాధిని గురించి నేర్పడమే చికిత్సలో ప్రధానమైన భాగమని వాదించినాడు. 1918 లో రోగుల కోసమే ఒక పుస్తకం వ్రాసినాడు. నర్సులకు తరిఫీదు ఇచ్చి ఇండ్లకు పంపినాడు. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు మంచం పట్టి విశ్రమించాలి, గంటగంటకు వెచ్చని ద్రవం తాగాలి, వైద్యుని పిలిపించాలి అన్నవి అతని బోధలు. మూత్రపరీక్ష ఇంటిపని అయినది. బెనెడిక్టు ద్రావణంలో కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచి, నీలం రంగు ఆకుపచ్చగా, పసుపుగా, ఇటుక రంగుగా మారడాన్ని చూచుకొనడం ఎన్నో కుటుంబాలలో నిత్యకృత్యమైనది. 1964 లో నెత్తురు చుక్కతో చూచే పట్టీలు వచ్చినవి. 1970 ప్రాంతంలో వచ్చిన మొదటి యంత్రం కిలోకు పైగా బరువు తూగేది. 1970 దశాబ్ది చివర యంత్రం రోగి చేతికి వచ్చినది. నేడది అరచేతిలో ఇముడుతున్నది.

ఇక, సోకిన జబ్బును నేరుగా ఎదుర్కొన్న మందుల విషయం. పెనిసిలిన్ రాకతో రాచపుండు, న్యూమోనియాల ఉధృతం తగ్గినది. ఈ కథలో తెలుగువాని పాత్ర కూడ కలదు. భీమవరంలో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా, ఆయన నేతృత్వంలో డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ కనుగొన్నాడు. అది లోకానికి వెల్లడియైన 1948 లోనే సుబ్బారావు స్వర్గస్థుడైనాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదే ఆద్యం. ఏ రాచపుండును చూచి మన పూర్వులు ఆశ వదలుకొన్నారో, ఆ జాతి రోగాల పాలిటికి ఇట్టి మందులు వజ్రాయుధాలైనవి.

జ్వరచికిత్సకూ మధుమేహ చికిత్సకూ చరిత్రలో మరియొక వింత సంబంధం ఉన్నది. 1942 లో ఫ్రాన్సులోని మాంపెలియె నగరంలో టైఫాయిడు రోగులకు ఒక కొత్త సల్ఫా మందు ఇవ్వగా, కొందరికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయినది. లూబాతియేర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంగతిని వెంబడించి పరిశోధించగా, 1950 దశాబ్దిలో మధుమేహానికి మాత్రలు వచ్చినవి. అట్లే, 1835 లో ఆపిల్ చెట్టు బెరడునుండి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం జ్వరాలకు పనికివస్తుందని మొదట భావించినారు. అది మూత్రంలో చక్కెరను వెళ్లగొడుతుందని 1886 లో ఫాన్ మెరింగ్ చూపినాడు. దాని వంశంలోనివే 2012 నుండి వాడుకలోనికి వచ్చిన గ్లైఫ్లోజిన్ మాత్రలు. 1957 లో ఫ్రెంచి వైద్యుడు స్టెర్న్ ప్రవేశపెట్టిన మెట్‌ఫార్మిన్ నేడు మన దేశంలో అత్యధికంగా వాడే మాత్రలలో ఒకటి.

మధుమేహులందరూ ఒక తీరువారు కారు. ఇన్సులిన్‌కు సులభంగా లొంగేవారు, లొంగనివారు అని రెండు తెగలున్నారని 1936 లో లండను వైద్యుడు హిమ్స్‌వర్త్ చూపినాడు. నేడు మనం మొదటి రకం, రెండవ రకం అనే విభజనకు ఆధారం అదే. కనుక “మందు ఆపరాదు” అనే సూత్రాన్ని అన్ని మందులకూ ఒకే తీరున అన్వయించరాదు. ఇన్సులిన్ మీద ఆధారపడినవారు, అందులోను మొదటి రకంవారు, దానిని పూర్తిగా ఎన్నడూ ఆపరాదు. మోతాదు మాత్రం మారవచ్చు. సల్ఫా సంతతి మాత్రలు తినేవారు అన్నం తినలేనప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంటిలో నీరు ఇగిరినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను తాత్కాలికంగా నిలుపుమని వైద్యులు చెబుతారు. గ్లైఫ్లోజిన్‌ల విషయంలో మరింత మెలకువ అవసరం. చక్కెర అంతగా పెరగకుండానే కీటోనులు పెరిగే ప్రమాదం ఉన్నదని 2015 లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. కనుక తాను వాడే మందు ఏ తెగకు చెందినదో, జబ్బు చేసినప్పుడు దానిని ఏమి చేయవలెనో, ఆరోగ్యంగా ఉన్న రోజుననే వైద్యుని అడిగి కాగితం మీద వ్రాసి పెట్టుకొనడం వివేకం.

నీటి సంగతి కూడ చరిత్ర నేర్పిన పాఠమే. 1971 లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా తాగించి అనేకుల ప్రాణాలు నిలిపినాడు. ఆ ద్రావణంలో చక్కెర ఉన్నదని మన మధుమేహులు కొందరు జంకుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సూచిస్తున్న పాళ్ల ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. విరేచనాలతో నీరు కోల్పోతున్నవానికి ఆ కొద్దిపాటి చక్కెరకంటె నీరు ఇగిరిపోవడమే పెద్ద శత్రువు. పలుచని మజ్జిగ, గంజి, చారు వంటివి మన ఇండ్లలో ఉండనే ఉన్నవి.

ఈ పాఠాలు పాతబడలేదని 2021 సంవత్సరం మనకు కఠోరంగా తెలియజెప్పినది. కోవిడ్ రెండవ ఉప్పెనలో శ్వాస నిలపడానికి స్టిరాయిడు మందులు అవసరమైనవి. అవి కార్టిసోన్ జాతివి. జబ్బు, మందు రెండూ కలిసి చక్కెరను పెంచినవి. అదుపు తప్పిన మధుమేహుల ముక్కులోను, కంటిలోను నల్ల బూజు వ్యాధి విజృంభించినది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించినది. హైదరాబాదు కోఠిలోని చెవి ముక్కు గొంతు వైద్యశాల ఆ రోగులతో నిండిపోయినది. ఎన్నో ఇండ్లలో, చక్కెరను రోజూ చూచుకొనవలెనన్న మాట చెప్పేవారు లేకపోయినారు. 2023 లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్లమంది. అంటే, ప్రతి వానాకాలంలోను ఈ ప్రశ్న కోట్ల ఇండ్ల గడపలు తొక్కుతున్నదన్నమాట.

ఇంత చరిత్ర సారాంశం నాలుగు మాటలలో చెప్పవచ్చు. జబ్బు చేసిన రోజున చక్కెరను మామూలుకంటె తరచుగా, మూడు నాలుగు గంటలకొకసారి చూచుకోవాలి. అది 250 దాటి నిలిచినప్పుడు, ఇన్సులిన్ వాడేవారు కీటోనులకై పరీక్షించుకోవాలి. 70 కి దిగువకు పోతే వెంటనే తీపి తీసుకోవాలి. అన్నం సహించకపోతే జావ, గంజి, పాలు, పండ్లరసం కొంచెం కొంచెంగా పుచ్చుకోవాలి. నీరు పుష్కలంగా తాగాలి. వాంతులు ఆగకపోయినా, శ్వాస లోతుగా నడచినా, మగత కమ్మినా, కీటోనులు కనబడినా ఇంటి వైద్యం మాని ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఒంటరిగా ఉండే మధుమేహి తనకు నలతగా ఉన్నదని పొరుగువారికో బంధువులకో చెప్పి ఉంచాలి. ఎందుకంటే, మగతలో పడినవాడు తన మగతను తాను గుర్తించలేడు.

మన పెద్దల సామెతను మేము తప్పుపట్టడం లేదు. ఇన్సులిన్ లేని కాలంలో పుట్టిన మాట అది. ఆ కాలానికి అది తగియే ఉన్నది. పారిస్ బుషార్దా, అమెరికా ఆలెన్ కూడ ఆ మాటనే వేరు భాషలలో చెప్పినారు. కాని 1922 తరువాత లోకం మారినది. మన పెద్దలు పథ్యం చెప్పినప్పుడు, ఆ పథ్యం ఎవరికి, ఏ రోగంలో, ఏ ఋతువులో అని విచారించే చెప్పినారు. ఆ విచారణయే వారు మనకిచ్చిన అసలు ఆస్తి. మధుమేహికి జ్వరం వచ్చినప్పుడు ఇంటివారు చేయవలసినది కూడ ఆ విచారణయే. వంటింటిలో జావ కాగుతుండగా, “సూది సంగతి వైద్యుని అడిగినామా?” అని ఒకరు గుర్తుచేస్తే చాలు, ఒక ప్రాణం నిలువవచ్చు.